అయిదు కిలోమీటర్ల లెక్క

హైదరాబాద్‌కు, వరంగల్‌కు నడుమ దూరమెంత? కాజీపేట స్టేషన్‌లో అడిగితే సికింద్రాబాద్ దాకా 132 కిలోమీటర్లు అంటారు. హన్మకొండ చౌరస్తాలో కారు డ్రైవర్‌ను అడిగితే కిలోమీటర్లు చెప్పడు, గంటలు చెప్తాడు. రోడ్డు ఖాళీగా ఉంటే రెండున్నర గంటలు, ఉప్పల్ దగ్గర ఇరుక్కుంటే మూడున్నర. ఇవన్నీ నేల మీది లెక్కలు. మనిషి కాళ్లకు, జేబుకు, నిద్రకు తెలిసిన లెక్కలు. కానీ తెలంగాణ రెండో నగరానికి విమానం రావాలా వద్దా అన్నది ఇరవై ఏళ్లు నిర్ణయించింది ఈ లెక్కలు కావు. గాలిలో గీసిన ఒక గీత. శంషాబాద్ రన్‌వే నుంచి మామునూరు రన్‌వేకు తాడు కట్టి తిన్నగా లాగితే దాదాపు 145 కిలోమీటర్లు వస్తుంది. ఒప్పందంలో రాసుకున్న అంకె 150. నడుమ తేడా అయిదు కిలోమీటర్లు. హన్మకొండ నుంచి వరంగల్ స్టేషన్‌కు పోయినంత దూరం.

ఆ ఒప్పందం సంగతి మన విద్యార్థులకు, ఉద్యోగులకు తెలియాలి. శంషాబాద్ విమానాశ్రయం కట్టి నడుపుకునేందుకు కేంద్ర పౌర విమానయాన శాఖకు, జీఎంఆర్ నాయకత్వంలోని హైదరాబాద్ అంతర్జాతీయ విమానాశ్రయ కంపెనీకి మధ్య 2004 డిసెంబర్ 20న రాతకోతలు జరిగాయి. అందులో ఒక షరతు ఉంది. శంషాబాద్ చుట్టూ 150 కిలోమీటర్ల వైమానిక దూరం లోపల, విమానాశ్రయం తెరిచిన నాటి నుంచి 25 ఏళ్ల దాకా పోటీ విమానాశ్రయం లేవకూడదు. శంషాబాద్ తెరుచుకున్నది 2008 మార్చి 23న. అంటే 2033 మార్చి దాకా ఆ గీత చెల్లుతుంది. గీత లోపలి వాళ్లకు విమానాశ్రయం కావాలంటే ఆ కంపెనీ తనంతట తాను ‘అభ్యంతరం లేదు’ అని రాసియ్యాలి. ఊరు మనది, జాగ మనది, సర్కారు మనది, సంతకం మాత్రం కంపెనీది.

పెట్టుబడి పెట్టేవాడు భరోసా అడుగుతాడు, అది వ్యాపార నీతి అని కొందరు పెద్దలు చెప్తారు. సరే, ఒప్పుకుందాం. అయితే ఆ పెట్టుబడిలో మన పాలు ఎంతో కూడా చెప్పాలి కదా. దాదాపు 5,500 ఎకరాల భూమి ఇచ్చింది రాష్ట్ర ప్రభుత్వం. రూ.315 కోట్లు వడ్డీ లేని అప్పు ఇచ్చింది రాష్ట్ర ప్రభుత్వం. మరో రూ.107 కోట్లు గ్రాంటుగా ఇచ్చింది కూడా అదే. కంపెనీలో 13 శాతం వాటా రాష్ట్ర ప్రభుత్వానిది, ఇంకో 13 శాతం కేంద్రం చేతిలోని ఎయిర్‌పోర్ట్స్ అథారిటీది. భూమి పెట్టి, సొమ్ము పెట్టి, వాటా తీసుకుని, చివరికి తమ రెండో నగరానికి విమానం దింపుకోవడానికి తాము వాటాదారుగా ఉన్న కంపెనీ గుమ్మం ముందే చేతులు కట్టుకుని నిలబడాల్సి రావడం ఏ వ్యాపార నీతి?

సరిగ్గా ఇదే కాలంలో బెంగళూరు దేవనహళ్లి విమానాశ్రయానికి కూడా ఒప్పందం రాసుకున్నారు. 2004 జులైలో. అందులోనూ 150 కిలోమీటర్ల షరతు ఉంది. కానీ కర్ణాటక వాళ్లు దానికి ఒక ముక్క తగిలించారు: మైసూరుకు, హాసన్‌కు ఇది వర్తించదు అని. రెండే పేర్లు. రెండు పేర్లు రాయడానికి ఎంత సిరా కావాలి? మన కాగితం మీద ‘మామునూరు తప్ప’ అన్న ముక్క పడలేదు. అడగలేదో, అడిగినా వినలేదో! అప్పటి ఉమ్మడి రాష్ట్ర పాలకులను తిట్టడం తేలిక, తిట్టాల్సిందే కూడా. కానీ 2004 డిసెంబర్‌లో తెలంగాణ పేరు చెప్పి గెలిచిన పార్టీ కేంద్రంలో యూపీఏ సర్కారులో ఉంది, హైదరాబాద్‌లో కాంగ్రెస్ సర్కారులో ఉంది. మంత్రులు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. ఈ మాట చెప్పుకోకుండా పరాయి వాళ్లనే వేలెత్తి చూపితే లెక్క సగమే అవుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. హైదరాబాద్ నుంచి వరంగల్‌కు విమానంలో ఎంతసేపు? గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోయే చిన్న ఏటీఆర్ విమానానికి 145 కిలోమీటర్లు లెక్క ప్రకారం పదిహేడు, పద్దెనిమిది నిమిషాలే. కానీ విమానం బస్సు కాదు. నేల మీద రన్‌వే దాకా పాకాలి, పైకి ఎక్కాలి, ఎక్కీ ఎక్కకముందే దిగడం మొదలుపెట్టాలి, దిగినాక మళ్లీ గుమ్మం దాకా పాకాలి. టైంటేబుల్‌లో నలభై అయిదు నిమిషాలన్నా రాయాల్సి వస్తుంది. దాదాపు 260 కిలోమీటర్ల హైదరాబాద్–విజయవాడకు గంట రాస్తారు. 1,260 కిలోమీటర్ల హైదరాబాద్–ఢిల్లీకి రెండుంబావు గంటలు చాలు. దూరం అయిదు రెట్లు పెరిగితే టైము రెండింతలు కాస్త పైనే! చిన్న దూరానికి విమానం నష్టం, పెద్ద దూరానికి లాభం. ఇది చదువుకున్న వాళ్లందరికీ తెలిసిన సంగతే.

కాబట్టి ఉప్పల్ నుంచి శంషాబాద్‌కు పోయి, గంటన్నర ముందు లైన్‌లో నిలబడి, నలభై అయిదు నిమిషాలు ఎగిరి, మామునూరులో దిగి ఆటో పట్టుకునే పిచ్చివాడు ఎవడూ ఉండడు. సికింద్రాబాద్‌లో వందేభారత్ ఎక్కితే గంటన్నర దాటీ దాటకముందే వరంగల్. పాసింజర్‌లో పోయే మన నిత్య ప్రయాణికుల గోస వేరు, అది ఇంకో వారం రాసుకుందాం. చెప్పేదేమిటంటే, హైదరాబాద్–వరంగల్ విమానం ఎవరూ అడగలేదు. శంషాబాద్ కంపెనీ భయం కూడా దాని గురించి కాదు. దాని భయమంతా వరంగల్ నుంచి తిన్నగా ఢిల్లీకి, ముంబైకి, తిరుపతికి, బెంగళూరుకు పోయే మనిషి గురించి. ఆ మనిషి మామునూరులో ఎక్కితే శంషాబాద్‌లో ఎక్కడు. ఆ ఒక్క మనిషిని తమ లెక్కలో నుంచి జారిపోకుండా కాపాడుకోవడానికి గీసిన గీత అది. అంటే 2004లో రాసిచ్చింది భూమి ఒక్కటే కాదు. ఓరుగల్లు, ములుగు, భూపాలపల్లి, జనగామ, మహబూబాబాద్ ప్రజల ప్రయాణాలను కూడా పాతికేళ్లకు రాసిచ్చారు.

ఆ మనిషి ప్రయాణం ఎట్లుంటదో ఒక్కసారి గంటలు లెక్కపెట్టి చూడండి. పొద్దున పది గంటలకు ఢిల్లీ విమానం. హన్మకొండలో తెల్లవారుజాము నాలుగింటికి బయలుదేరాలి. ఘట్‌కేసర్ దాకా వచ్చి ఔటర్ ఎక్కి శంషాబాద్ చేరేసరికి ఏడున్నర. ఎక్కడైనా లారీ అడ్డం పడితే అంతే సంగతులు, అందుకని ఇంకో అరగంట ముందు లేవాలి. తనిఖీలు, ఎదురుచూపులు, విమానంలో రెండుంబావు గంటలు, ఢిల్లీలో దిగి సామాను పట్టుకుని బయటికి వచ్చేసరికి ఒంటిగంట. మొత్తం తొమ్మిది గంటలు. అందులో గాలిలో గడిపింది పావు వంతు. మిగతా మూడు వంతులు నేల మీదే. ఏటూరునాగారం నుంచి, వాజేడు నుంచి బయలుదేరే వాళ్లయితే ముందురోజే వచ్చి హన్మకొండలోనో హైదరాబాద్‌లోనో పండుకోవాలి.

ఇందులో ఒక విచిత్రం ఉంది. వరంగల్‌కు శంషాబాద్ నైరుతి దిక్కున ఉంది. ఢిల్లీ ఉత్తరాన ఉంది. ఉత్తరానికి పోవాల్సిన మనిషి మూడున్నర గంటలు దక్షిణానికి, పడమటికి పోయి, అక్కడ విమానమెక్కి మళ్లీ ఉత్తరానికి మళ్లాలి. మామునూరు నుంచి ఢిల్లీకి గాలిలో గీత గీస్తే దాదాపు 1,210 కిలోమీటర్లు. శంషాబాద్ నుంచి గీస్తే 1,260. ఢిల్లీకి ఓరుగల్లే యాభై కిలోమీటర్లు దగ్గర! రైలు ఈ నిజాన్ని ఎప్పుడో నిజాం కాలంలోనే ఒప్పుకుంది. హైదరాబాద్‌లో బయలుదేరిన తెలంగాణ ఎక్స్‌ప్రెస్, అంటే ఒకనాటి ఏపీ ఎక్స్‌ప్రెస్, కాజీపేట మీదుగా, రామగుండం మీదుగా, బల్లార్షా మీదుగానే ఢిల్లీ పోతుంది. జంతర్ మంతర్ ధర్నాలకు ఆ జనరల్ బోగీలో నిలబడి పోయిన విద్యార్థి నాయకులకు ఇది చెప్పాల్సిన పని లేదు. కాజీపేటలో ఎక్కినోడు హైదరాబాద్‌లో ఎక్కినోడి కన్నా రెండు గంటలు తక్కువ ప్రయాణం చేస్తాడు. అదే విమానానికి వచ్చేసరికి మూడున్నర గంటలు ఎక్కువ. నేల మీద దారిలో ఉన్న ఊరిని గాలిలో దారి తప్పించారు.

వరంగల్ ముచ్చట ఇట్లుంటే కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ముచ్చట ఇంకో తీరు. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి గాలిలో దాదాపు 2,550 కిలోమీటర్లు, నాలుగు గంటల లోపే. కోరుట్ల నుంచి, మెట్‌పల్లి నుంచి శంషాబాద్‌కు రెండు వందల కిలోమీటర్లు దాటి ఉంటుంది, నాలుగు గంటలకు పైనే. అంటే గల్ఫ్ పోయే మన పిల్లగాడు సముద్రం దాటడానికి పట్టే టైము కన్నా తన రాజధాని దాటడానికి పట్టే టైము ఎక్కువ. ఒక్కడు పోతుంటే బండి నిండా సాగనంపేవాళ్లు. అప్పు తెచ్చిన పైసలలో మొదటి ఖర్చు ఆ కిరాయి బండికే. ఇక పోయినోడు పెట్టెలో తిరిగొచ్చిన రోజు సంగతి రాయాలంటే చెయ్యి రాదు. శంషాబాద్ కార్గో దగ్గర కాగితాలు చూపించి, శవపేటికను అంబులెన్స్‌లో ఎక్కించుకుని, రాత్రంతా ప్రయాణం చేసి ఊరు చేరడం ఉత్తర తెలంగాణలో ఏ మండలాన్ని అడిగినా చెప్పే కథ. ఆ ఆఖరి రెండు వందల కిలోమీటర్లను ఏ ఒప్పందంలోనూ ఎవరూ కొలవలేదు.

ఇక్కడొక మాట స్పష్టంగా చెప్పాలి. పెద్దపల్లి జిల్లా బసంత్‌నగర్ శంషాబాద్ నుంచి గాలిలో 190 కిలోమీటర్ల దాకా ఉంటుంది. నిజామాబాద్ జిల్లా జక్రాన్‌పల్లి 160 దాటుతుంది. ఆదిలాబాద్ అయితే దాదాపు 270. ఈ మూడూ గీత అవతలే ఉన్నాయి. ఒప్పందం వీటికి అడ్డం కాదు. మరి వీటికెందుకు విమానం రాలేదు? బసంత్‌నగర్‌లో 1980లలో వాయుదూత్ విమానాలు దిగాయి. ఆదిలాబాద్‌లో రన్‌వే వాయుసేన చేతిలో ఉంది. ఆదిలాబాద్ వాళ్లకు హైదరాబాద్ మూడు వందల కిలోమీటర్లు, నాగపూర్ రెండు వందల లోపే. అందుకే విమానం ఎక్కాలంటే నాగపూర్ దిక్కు చూడటం ఆ జిల్లాలో వింత కాదు. 2014 జూన్ 2 నుంచి రాష్ట్రం మన చేతికి వచ్చింది. ఆరు చోట్ల విమానాశ్రయాలన్నారు, సర్వేలన్నారు, నివేదికలన్నారు. మామునూరుకు కంపెనీ సంతకం అడ్డమని చెప్పినవాళ్లు, ఏ సంతకమూ అడ్డం లేని బసంత్‌నగర్‌కు పదేళ్లలో ఒక్క విమానం ఎందుకు దింపలేదో చెప్పాలి. 2025 ఏప్రిల్‌లో గానీ ఆదిలాబాద్‌లో పౌర విమానాలకు వాయుసేన సరేననలేదు. గీతను తప్పు పట్టే హక్కు మనకుంది. గీత చాటున దాక్కునే హక్కు మాత్రం మన పాలకులకు లేదు.

పక్కవాళ్లు ఏం చేశారో చూద్దాం. 1956లో హైదరాబాద్ రాష్ట్రాన్ని మూడు ముక్కలు చేసినప్పుడు నాందేడ్ మరాఠ్వాడాతో పోయింది. బీదర్, గుల్బర్గా కన్నడ సీమతో పోయాయి. ఒకే నిజాం ఏలుబడి, ఒకే వెనుకబాటు. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం కింద మొదటి విమానాలకు ప్రధాని జెండా ఊపినప్పుడు అందులో ఒకటి నాందేడ్–హైదరాబాద్, ఇంకొకటి కడప–హైదరాబాద్. రెండూ దిగింది మన రాజధానిలోనే. మన జిల్లా నుంచి లేచింది మాత్రం ఒక్కటీ లేదు. గుల్బర్గా అంటే ఇప్పటి కలబురగిలో 2019 నవంబర్‌లో విమానాశ్రయం తెరిచారు. అది శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల గీత కాస్త దాటి ఉంటుంది. ఇక బీదర్ సంగతి చూడండి. శంషాబాద్ నుంచి బీదర్‌కు గాలిలో దాదాపు 125 కిలోమీటర్లు. మామునూరు కన్నా ఇరవై కిలోమీటర్లు దగ్గర. గీతకు బాగా లోపల. అయినా 2020 ఫిబ్రవరి 7న బీదర్ నుంచి బెంగళూరుకు విమానం లేచింది. మరి ఆ షరతు ఏమైంది? అడిగితే దారి దొరికింది, అంతే. 125 దగ్గర వంగిన గీత 145 దగ్గర మాత్రం ఇనుప గీత ఎట్లయింది? వంచాలని పట్టుబట్టినవాడు అక్కడ ఉన్నాడు. ఇక్కడ లేడు. ఇంతకు మించి వేరే కారణం మాకు కనబడటం లేదు.

నగరం సంగతి కూడా ఒక్క మాట. బేగంపేట నుంచి శంషాబాద్‌కు మార్చినప్పుడు 2008 మార్చిలో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఉద్యోగులు దేశమంతటా సమ్మె చేశారు. ఉన్న విమానాశ్రయాన్ని మూయొద్దన్నారు. ఎవరూ వినలేదు. బేగంపేట మూతపడగానే నగరవాసులకు దూరమైపోయిందని పెద్ద గొడవ లేచింది. నగరవాసుల కోసం సర్కారు మాత్రం కదిలింది. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పొడవున ఫ్లైఓవర్ కట్టి 2009 అక్టోబర్‌లో తెరిచింది. దానికి పీవీ పేరు పెట్టింది. ఆ పీవీ పుట్టింది ఉమ్మడి ఓరుగల్లు సీమలోనే, హన్మకొండ లోక్‌సభ సభ్యుడిగా కూడా పనిచేశాడు. పేరు మాత్రం మాది, దారి మాత్రం మీది అన్నట్లయింది. బంజారాహిల్స్ మనిషికి ఇరవై నిమిషాలు మిగలడానికి సర్కారు ఆకాశంలో రోడ్డు వేసింది. హన్మకొండ మనిషి పోగొట్టుకునే మూడున్నర గంటలు ఎవరి ఖాతాలో రాయాలి?

విమానం ఉన్నోళ్ల సవారీ, మాకెందుకు అనేవాళ్లు మనలోనూ ఉన్నారు. వాళ్ల మాటలో కొంత న్యాయముంది. పాలమూరు వలస కూలీ ముంబైకి బస్సులో పోతాడు, అతనికి కావాల్సింది సొంత ఊళ్లో పని. కానీ విమానం ఎక్కేది దొరలు మాత్రమే అన్న రోజులు పోయాయి. దుబాయ్ పోయే బీడీ కార్మికురాలి కొడుకు విమానమే ఎక్కుతున్నాడు. ఢిల్లీలో ఇంటర్వ్యూకు పిలిస్తే, పుణెలో ఉద్యోగంలో చేరమంటే, కాకతీయ యూనివర్సిటీ పట్టభద్రుడూ ఎక్కుతున్నాడు. ఎంజీఎం ఆస్పత్రిలో ఉన్న రోగికి పెద్ద వైద్యం ఇంకో నగరంలో దొరుకుతుందంటే గంటలే ప్రాణం. 2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చింది. చూడవచ్చే పరదేశికి శంషాబాద్‌లో దిగినాక రామప్ప దాకా ఇంకో అయిదు గంటల దారి. పొద్దున దిగినోడికి గుడి చూసేసరికి పొద్దు కుంగుతుంది. కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు పెద్ద పెద్ద కంపెనీలు రావాలంటారు. వచ్చేవాడు మొదట అడిగేది విమానాశ్రయం ఎంత దూరమనే.

2025 ఫిబ్రవరి 28న కేంద్రం మామునూరుకు అనుమతి ఇచ్చింది. అంతకుముందే జీఎంఆర్ కంపెనీ అభ్యంతరం లేదని రాసిచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబర్‌లో భూసేకరణకు రూ.205 కోట్లు మంజూరు చేసింది. ఇది మంచి మాటే. కాగితం కదిలినందుకు సంతోషం. నిజాం 1930లో వేసిన రన్‌వే, 1980లలో గడ్డి మొలిచిన రన్‌వే, మళ్లీ విమానం చూస్తుందంటే ఏ ఓరుగల్లు బిడ్డకు సంబురం ఉండదు? మిఠాయిలు పంచుకున్నారు, ఫ్లెక్సీలు కట్టుకున్నారు, ఆ ఘనత మాదంటే మాదని రెండు పార్టీల వాళ్లు రోడ్డెక్కి తోపులాడుకున్నారు. ఆ తోపులాట పక్కనే నిలబడ్డ మనుషులు ఎవరికీ కనబడలేదు. వాళ్లు గాడెపల్లి, నక్కలపల్లి, గుంటూరుపల్లి రైతులు.

మామునూరులో అప్పటికి ఉన్న భూమి 696 ఎకరాలు. ఎయిర్‌బస్, బోయింగ్ లాంటి పెద్ద విమానం దిగాలంటే రన్‌వే పెంచాలి. అందుకు ఇంకో 253 ఎకరాలు కావాలన్నారు. అది రైతుల పట్టా భూమి. పచ్చని పొలాలు. వరంగల్ పక్కన ఎకరం ధర ఏముందో అందరికీ తెలుసు. రిజిస్ట్రేషన్ ఆఫీసు పుస్తకంలో ఏముందో అదీ తెలుసు. ఈ రెండు అంకెల మధ్య దూరం శంషాబాద్–మామునూరు దూరం కన్నా ఎక్కువ. విమానం మనకు కావాలి, అందులో రెండో మాట లేదు. కానీ శంషాబాద్ కోసం ఇచ్చిన ఎకరాల చుట్టూ తర్వాత కోట్లు కురిసినప్పుడు, ఆ భూములు పోగొట్టుకున్న పల్లెల వాళ్లకు ఏం మిగిలిందో చూసినోళ్లం. పాతికేళ్ల కింద అక్కడ జరిగింది ఇక్కడ జరగకూడదు. నగరం ప్రయాణం తగ్గించడానికి నక్కలపల్లి ప్రయాణం పెంచుతామంటే కుదరదు. రన్‌వే పొడుగైతే ఊళ్లకు పోయే పాత దారి తెగుతుందన్నది ఆ ఊళ్ల వాళ్ల మొదటి భయం. వడ్లు తెచ్చే ట్రాక్టర్, బడికి పోయే పిల్లలు, ఆస్పత్రికి పోయే గర్భిణి ఎన్ని కిలోమీటర్లు చుట్టు తిరగాలి? వాళ్ల దూరం కూడా దూరమే.

ఇంకో జాగ్రత్త. విమానాశ్రయం కట్టగానే విమానం వస్తుందని ఎవరూ అనుకోవద్దు. బీదర్‌లో 2020లో లేచిన విమానం మధ్యలో ఏడాదికి పైగా ఆగిపోయి, 2025లో గానీ మళ్లీ మొదలు కాలేదు. ఉడాన్ కింద రాయితీ ఉన్నన్ని రోజులు ఎగిరి, రాయితీ అయిపోగానే రెక్కలు ముడుచుకున్న దారులు దేశంలో చాలా ఉన్నాయి. మామునూరు నుంచి మొదట ఏ ఊరికి, వారానికి ఎన్ని రోజులు, ఏ టైముకు, సీట్లు నిండకపోతే నష్టం భరించేది ఎవరు, ఇవన్నీ శంకుస్థాపన శిలాఫలకం మీద ఉండవు. అడిగి రాయించుకోవాలి. పొద్దున్నే ఢిల్లీకి పోయి రాత్రికి తిరిగొచ్చే విమానం ఉంటేనే ఉద్యోగికి, వ్యాపారికి పనికొస్తుంది. మధ్యాహ్నం పన్నెండుకు హైదరాబాద్‌కు పోయి వచ్చే చిన్న విమానం ఒకటి పెట్టి, వరంగల్‌కు విమానం తెచ్చామని ఫొటోలు దిగితే ఆ సీట్లు నిండవు. నిండలేదని రేపు మళ్లీ మూసేస్తారు. మూసేసి, వరంగల్‌కు గిరాకీ లేదని మన మీదే రాస్తారు.

కాకతీయ, ఉస్మానియా విద్యార్థి సంఘాలు, ఎన్జీవోల సంఘం, టీచర్ల సంఘాలు, చాంబర్ ఆఫ్ కామర్స్ కలిసి కూర్చుంటే ఈ పని కష్టమేం కాదు. వరంగల్, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామల నుంచి నెలకు ఎంతమంది ఏయే ఊళ్లకు విమానం ఎక్కుతున్నారో మనమే లెక్క తీయవచ్చు. హన్మకొండలో టికెట్లు కొట్టే ఏజెంట్ల దగ్గర సగం లెక్క దొరుకుతుంది. జగిత్యాల, కోరుట్ల గల్ఫ్ ఏజెంట్ల దగ్గర బసంత్‌నగర్ లెక్క దొరుకుతుంది. ఆ లెక్క పట్టుకుని పోయి మాట్లాడితే ఏ విమాన కంపెనీ అయినా వింటుంది.

ఇవన్నీ అయినా ఒక జిల్లా మిగిలిపోతుంది. ఉమ్మడి పాలమూరులో విమానాశ్రయానికి చూసిన దేవరకద్ర ప్రాంతం శంషాబాద్ నుంచి గాలిలో వంద కిలోమీటర్ల లోపే. మామునూరుకు ఇచ్చిన సంతకం మామునూరుకే. అక్కడ గీత 2033 మార్చి దాకా అట్లనే ఉంటుంది. దాని గురించి తొందరలేదని ఎవరైనా అంటే ఒప్పుకుంటాం. ముందు మామునూరులో భూమి పోయే రైతుకు మార్కెట్ ధర చేతిలో పడాలి. నక్కలపల్లికి కొత్త దారి ఎటు నుంచి పోతుందో మ్యాపు గీసి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి. ఆ దారి వేసినాకనే పాత దారి తవ్వాలి.